చదువరి ఋణం

మొగలు చక్రవర్తి అక్బరు తనంతట తాను పుస్తకం చదివినవాడు కాదు. ఈ సంగతిని ఆయన కుమారుడు జహంగీరు తన స్వీయచరిత్రలో దాపరికం లేకుండా వ్రాశాడు. అయినప్పటికీ 1605లో అక్బరు మరణించేనాటికి ఆగ్రా కోటలోని గ్రంథ భాండాగారంలో సుమారు 24,000 గ్రంథాలు ఉన్నట్లు లెక్క తేలింది. ప్రతిదినం చక్రవర్తి సన్నిధిలో పాఠకులు గ్రంథాలను మొదటి నుండి చివరి వరకు చదివి వినిపించేవారని 'ఐనె అక్బరీ'లో అబుల్ ఫజల్ తెలిపాడు. ఆనాటి పఠనం ఏ పుటలో ఆగిందో ఆ పుటలో చక్రవర్తి తన కలంతో స్వయంగా గుర్తు పెట్టేవాడు. చదివిన పుటల లెక్కను బట్టి పాఠకులకు బంగారు, వెండి నాణేలు ముట్టేవి.

అక్బరును చదువరి అనవచ్చునా? ఏదైనా ఒక భాషను అర్థం చేసుకుంటూ చదవను, వ్రాయను వచ్చినవారే అక్షరాస్యులని జనాభా లెక్కల నిర్వచనం. ఆ నిర్వచనం ప్రకారం లెక్కల గుమాస్తా ఫతేపూర్ సిక్రీ వాకిట నిలబడితే, మహాభారతాన్ని పారసీకంలోకి అనువదింపజేసిన ప్రభువు పేరును నిరక్షరాస్యుల పట్టికలో వ్రాసుకుని వెళ్లవలసి వచ్చేది. గుమాస్తా తప్పు చేసినట్లు కాదు. నిర్వచనమూ తప్పు కాదు. కాని ఈ దేశంలో పుస్తకానికీ మనిషికీ మధ్య నడిచిన సంబంధంలో అధిక భాగం ఆ పట్టికకు అందదు. 1901లో భారతదేశంలో నూటికి ఐదుగురికి పైచిలుకు మాత్రమే అక్షరాలు వచ్చినవారు. 1951 నాటికి ఆ సంఖ్య 18కి చేరింది. మిగిలినవారు పుస్తకం ఎరుగనివారా? రామాయణ భారతాల కథలు, నీతులు, ఉపకథలు, పాత్రల స్వభావాలు వారికి కంఠోపాఠంగా ఎలా వచ్చాయి? వేరొకరు చదువగా విన్నందువల్లనే వచ్చాయి. అందువల్ల ఈ దేశంలో పఠన చరిత్రను వ్రాయబూనినవారు ముందుగా శ్రవణ చరిత్రను వ్రాయవలసి ఉంటుంది.

ఆ చరిత్రలో ఒక నైతిక ప్రశ్న ఇమిడి ఉన్నది. చదవగలిగినవాడు చదవలేనివారికి ఏమి బాకీ ఉన్నాడు?

ఏడవ శతాబ్దికి చెందిన బాణభట్టు 'హర్షచరిత్ర'లో తన ఊరి ముచ్చట ఒకటి చెప్పాడు. హర్షుని ఆస్థానం నుండి ఇంటికి వచ్చిన బాణుడు భోజనానంతరం బంధువుల నడుమ కూర్చున్నాడు. సుదృష్టి అనే పుస్తక పాఠకుడు వచ్చాడు. తాళపత్ర గ్రంథం కట్టు విప్పి, రెల్లుపుల్లల పీఠం మీద పెట్టి, ఉదయపు పఠనం ఎక్కడ ఆగిందో గుర్తుంచిన ఆకును తీసి, కొన్ని పత్రాలు చేతబట్టి, వాయుపురాణాన్ని శ్రావ్యంగా చదవసాగాడు. పద్నాలుగు వందల ఏండ్ల నాటి ఈ దృశ్యంలో మార్చవలసినవి కొద్దిగానే ఉన్నాయి. రెల్లు పీఠం స్థానంలో వ్యాసపీఠాన్నీ, వాయుపురాణం స్థానంలో పోతన భాగవతాన్నీ ఉంచితే, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నాటి ఏ తెలుగు పల్లెలోనైనా ఆముదపు దీపం ముందు జరిగిన పురాణ కాలక్షేపం కళ్లకు కడుతుంది.

బిగ్గరగా చదవడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. తాళపత్రం మీద గంటంతో గీచి మసి పూసిన అక్షరాలు పదానికీ పదానికీ మధ్య ఎడం లేకుండా సాగిపోతాయి. పద్యం కూడా వచనంలాగే అంచు నుండి అంచుకు నడుస్తుంది. ఎక్కడ విరవాలో కంటికి తెలియదు, నోరు పలికినప్పుడు చెవి చెబుతుంది. చదువరి తానే తన మొదటి శ్రోత. పక్కన మరి పదిమంది చేరితే అతనికి అదనపు శ్రమ ఏమీ లేదు. ఆ పద్ధతికి తగినట్లుగానే మన గ్రంథాల చివర ఫలశ్రుతి ఏర్పడింది. చదివినవారికి ఎంత పుణ్యమో విన్నవారికీ అంతే పుణ్యమని అందులో హామీ ఉంటుంది. ఈ సమానత్వం చిన్న విషయం కాదు. అక్షరం రానితనాన్ని అవమానంగా భావించని సమాజం ఒకటి ఆ హామీ నీడలో శతాబ్దాలపాటు బ్రతికింది.

అయితే ఆ అరుగు మీద ఎవరు కూర్చున్నారు, అరుగు కింద ఎవరు నిలబడ్డారు, వీధి అవతలనే ఆగిపోయినవారు ఎవరు అన్న ప్రశ్నలు వేస్తే హామీ వెలవెలబోతుంది. పైగా విన్నవాడు పుట వెనక్కి త్రిప్పలేడు. చదువరి ఏ ఘట్టాన్ని దాటవేశాడో, ఏ శ్లోకానికి లేని అర్థం చెప్పాడో అతనికి తెలిసే మార్గం లేదు. సుదృష్టి చేతిలోని గుర్తునూ, అక్బరు కలంతో పెట్టిన గుర్తునూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మొదటి గుర్తును చూసుకున్నవాడు చదువరి. రెండవదాన్ని పెట్టినవాడు శ్రోత. రేపు ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ పుస్తకం తేవాలో అక్బరు చెప్పగలడు. సామాన్యుడు చెప్పలేడు. వినడంలో తక్కువతనం ఏమీ లేదు. ఆగమనడానికీ, మళ్లీ చదవమనడానికీ, ఈ పుస్తకం వద్దు వేరొకటి తెమ్మనడానికీ అధికారం లేకపోవడంలోనే తక్కువతనం ఉన్నది.

ఈ అధికార లోపాన్ని భరించలేక అక్షరాన్ని దొంగతనంగా సంపాదించుకున్న ఇల్లాలు ఒకరున్నారు. నేటి బంగ్లాదేశ్‌లోని పబ్నా ప్రాంతంలో పుట్టి, పన్నెండవ ఏట కాపురానికి వెళ్లిన రాససుందరీ దేవి పెద్ద కుటుంబానికి వండి వార్చే కోడలు. చదువుకున్న ఆడది విధవ అవుతుందన్న నమ్మకం బలంగా ఉన్న రోజులవి. చైతన్య భాగవతాన్ని తాను స్వయంగా చదువుకోవాలని ఆమెకు తపన కలిగింది. గ్రంథం నుండి ఒక పత్రాన్ని ఊడదీసి, కుమారుడు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకదానిని దానికి జతచేసి వంటింట్లో దాచుకున్నది. పుట్టింట బాలుర పాఠశాలలో ఒక మూల కూర్చున్నప్పుడు చెవిన పడిన అక్షరాల వరుసను జ్ఞాపకం చేసుకుంటూ ఈ రెండు ఆకులను పోల్చి చూచి, ఎవరూ చూడని క్షణాలలో చదవడం నేర్చుకున్నది. 1876లో వెలువడిన ఆమె 'ఆమార్ జీబన్' బెంగాలీ భాషలో తొలి స్వీయచరిత్రగా ప్రసిద్ధి పొందింది. ఆ ఇంట భాగవత శ్రవణానికి లోటు ఉండి ఆమె ఇంత సాహసం చేసినట్లు తోచదు. గ్రంథం తన చేతిలో ఉండాలి, తనకు తీరిక దొరికినప్పుడు, తన వేగంతో, తనలో తాను చదువుకోవాలి. మౌన పఠనం అంటే అరుగు మీది పెత్తనం నుండి తప్పించుకోవడం అని ఆమె జీవితం చెబుతుంది. తెలుగు దేశంలోనూ తమ్ముని చదువుతోపాటు ఇంటిలోనే చదువు నేర్చుకున్న భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసే స్థాయికి ఎదిగారు. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు. ఆయన ప్రస్తావన ముందు రానున్నది.

మౌన పఠనానికి కూడా ఒక వెల ఉన్నది. చదువుకునేవానికి ఒక మూల కావాలి, దీపం కావాలి, ఇంటిపని నుండి విడుదల కావాలి. వీటిని సమకూర్చేది వేరొకరే. బొంబాయి పరేలులోని ఒంటి గది కాపురంలో బాలుడైన అంబేద్కర్ చదువుకోవడానికి చోటు లేకపోతే, తండ్రి రాంజీ రాత్రి రెండు గంటల వరకు మేలుకొని ఉండి, అప్పుడు కుమారుణ్ణి లేపి చదువుకోమని తాను పడుకునేవారని ఆయన జీవిత చరిత్రకారులు వ్రాశారు. ఆ ఇంటిలోనే మరొక పఠనం కూడా జరిగేది. ఇంటికి కథ వినడానికి వచ్చినవారికీ, అక్కలకూ రామాయణ భారతాలను చదివి వినిపించే పని రాంజీ తన కుమారులకు అప్పగించారు. 1956లో 'బుద్ధుడు, ఆయన ధమ్మం' అనే గ్రంథానికి వ్రాసుకున్న ముందుమాటలో అంబేద్కర్ ఈ విషయాన్ని జ్ఞాపకం చేసుకున్నారు. శూద్రులనూ అస్పృశ్యులనూ చిన్నబుచ్చే కథలను తమచేత ఎందుకు చదివిస్తున్నారని ఆయన తండ్రిని ప్రశ్నించారు. తండ్రి చెప్పిన సమాధానం ఆయనకు తృప్తి కలిగించలేదు.

ఇది సూక్ష్మంగా గమనించవలసిన ఘట్టం. చదువరి స్థానంలో కూర్చున్న బాలునికి తాను చదువుతున్నదానితో ఏకీభావం లేదు. అయినా నోరు పలకవలసిందే, ఎదుట కూర్చున్నవారు వినవలసిందే. 1907లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడైన సందర్భంలో కృష్ణాజీ కేలూస్కర్ తాను మరాఠీలో వ్రాసిన బుద్ధ చరిత్రను ఆ విద్యార్థికి బహూకరించారు. అది ఎవరికీ వినిపించవలసిన పుస్తకం కాదు, ఒంటరిగా చదువుకున్న పుస్తకం. దాని ప్రభావం ఎంత దూరం వెళ్లిందో 1956 అక్టోబరులో నాగపూరులో లక్షలాది జనం చూశారు. ఒంటరి పఠనం స్వార్థమని కొట్టివేసేవారు ఈ ఉదాహరణను దాటి వెళ్లలేరు.

అక్షరం సంపాదించినవాడు తాను తప్పించుకున్న అరుగు దగ్గరకు మళ్లీ వెళ్లాలా అన్న ప్రశ్నకు తెలుగు దేశంలో గ్రంథాలయోద్యమం ఆచరణలో సమాధానం వెదికింది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. పైన చెప్పిన కొమర్రాజు లక్ష్మణరావుతోపాటు రావిచెట్టు రంగారావు, మునగాల ప్రభువు నాయని వెంకట రంగారావు దాని స్థాపకులు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం ఏర్పడింది. 1914 ఏప్రిల్ 10న అదే పట్టణంలో, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. 1918లో వేటపాలెంలో ప్రారంభమై నేటికీ పాత పత్రికలకు పేరుమోసిన సారస్వత నికేతనం కూడా ఆ వేడిలో పుట్టినదే. నిజాం రాజ్యంలో సభలు పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలని 53వ నంబరు గస్తీ శాసించిన కాలంలో, నలుగురు కూర్చోవడానికి పఠనాలయమే దిక్కయింది.

ఈ ఉద్యమకారులకు పుస్తకం పాఠకుని కోసం బీరువాలో ఎదురుచూడడం నచ్చలేదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టాలో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. ఆ కాలంలో డెల్టా పల్లెలకు పడవే బస్సు. గంటల తరబడి సాగే ఆ ప్రయాణంలో మనిషి కదలకుండా కూర్చోక తప్పదు, చేతికి పుస్తకం అందితే చదవకా తప్పదు. ఎంత తేలికైన ఆలోచన! చదువురానివారికి పత్రికలు చదివి వినిపించడం, రాత్రిబడి నడపడం కూడా ఆనాటి గ్రంథాలయాల పనులలో భాగాలు. ఈ రెండు పనులనూ ఒకే చోట పెట్టడంలో వారి వివేకం కనిపిస్తుంది. పత్రిక వినిపించడం నేటి ఆకలికి, రాత్రిబడి రేపటికి. మొదటిది మాత్రమే చేసి ఊరుకుంటే శ్రోత ఎప్పటికీ శ్రోతగానే ఉండిపోతాడు. రెండవది పూర్తయ్యేవరకు మొదటిది మానివేస్తే అతడు దేశవార్త తెలియకుండా ముసలివాడవుతాడు. 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ ప్రకటించిన గ్రంథాలయ సూత్రాలలో రెండవది ప్రతి పాఠకునికి అతని గ్రంథం అందాలంటుంది. పాఠకుడు అన్న మాటలో అక్షరం రానివాణ్ణి చేర్చాలా వద్దా అన్నదే అప్పటి అసలు సమస్య. కాలువగట్టు కార్యకర్తలు చేర్చాలనే తీర్పు చెప్పారు.

పత్రిక వినిపించడం సులభం. అందులోని వార్త అందరిదీ. ఉత్తరం వినిపించడం అలాంటిది కాదు. 1879లో కాలణా కార్డు వచ్చిన తరువాత, ఒక్క అక్షరం రాని ఇళ్లకు కూడా అక్షరాలు రాసాగాయి. విశాఖ, గోదావరి తీరాల నుండి రంగూను రేవుకు కూలికి వెళ్లినవారి కార్డులను తపాలా బంట్రోతో, పంతులుగారో, కరణమో చదివి చెప్పవలసి వచ్చేది. కొడుకుకు జబ్బు చేసిందని కార్డులో ఉన్నదనుకుందాం. గుమ్మంలో నిలబడిన ముసలితల్లి ముఖం చూస్తూ చదువరి ఆ వాక్యాన్ని పలకాలా, మింగాలా? "బాగానే ఉన్నాడమ్మా, నిన్ను అడిగినట్లు చెప్పమన్నాడు" అని ముగిస్తే ఆ రాత్రి ఆమెకు నిద్ర పడుతుంది. ఇది దయ అని చాలామంది అంటారు. కాని ఆ కార్డు ఆమెది, అందులోని దుఃఖమూ ఆమెదే. దాన్ని ఆమెకు తెలియకుండా తీసివేసే హక్కు చదువరికి ఎవరిచ్చారు? మెల్లగా చెప్పవచ్చు, కూర్చోబెట్టి చెప్పవచ్చు, పొరుగింటి వదినెను పిలిచి చెప్పవచ్చు. చెప్పకుండా ఉండకూడదు. రేపు నిజం తెలిసినప్పుడు ఆమె ఒక కార్డును మాత్రమే కాక, అంతకు ముందు విన్న ప్రతి కార్డునూ అనుమానించవలసి వస్తుంది.

అత్తగారి ఎదుట మూడో మనిషి నోట భర్త ఉత్తరం వినవలసిన కొత్తకోడలి పాట్లు వేరు. ఆ ఉత్తరం అలాగే వినబడుతుందని వ్రాసినవానికీ తెలుసు కనుక అందులో క్షేమసమాచారం తప్ప మరేమీ ఉండేది కాదు. గల్ఫు దేశాలకు వలసలు సాగిన కాలంలో కుటుంబాలు క్యాసెట్లలో మాటలు నింపి పంపుకోవడానికి ఒక కారణం ఇక్కడ ఉన్నది. క్యాసెట్టుకు మధ్యవర్తి అక్కర లేదు. తలుపు మూసుకుని వినవచ్చు, త్రిప్పి మళ్లీ వినవచ్చు. అక్షరం రానివారికి మౌన పఠనానికి సమానమైన ఏకాంతం మొదటిసారిగా దొరికినది బహుశా ఆ పెట్టెలోనే.

శ్రోతకు అధికారం దక్కిన మరొక చోటు కేరళలోని కణ్ణూరు. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టం అమలుకు వచ్చినప్పుడు అక్కడి ప్రైవేటు యజమానులు కార్ఖానాలు మూసివేయగా, 1969లో కార్మికులు దినేశ్ బీడీ సహకార సంఘంగా ఏర్పడ్డారు. బీడీ చుట్టేవానికి రెండు చేతులకూ, కళ్లకూ పని. ఖాళీగా ఉండేవి చెవులే. అందువల్ల కార్మికులలో ఒకరు పని ఆపి దినపత్రికలనూ, కథలనూ, నవలలనూ బిగ్గరగా చదివేవారు. చదివిన సమయానికి అతడు చుట్టవలసిన బీడీలను తోటివారు చుట్టి అతని లెక్కలో వేసేవారు. సహకార సంఘం పుట్టకముందు నుండే మలబారు బీడీ కార్ఖానాలలో ఉన్న ఆచారమిది. చదివిన తరువాత వాదోపవాదాలు జరిగేవి. నచ్చని వార్తకు అడ్డు తగిలేవారు, అర్థం కాని చోట మళ్లీ చదవమనేవారు. అక్బరు పాఠకులకు పుటల లెక్కన నాణేలు ముట్టాయి, కణ్ణూరు పాఠకునికి బీడీల లెక్కన ప్రతిఫలం ముట్టింది. వేతనం ఇచ్చే శ్రోత ఎవరి దయమీదా ఆధారపడడు. చక్రవర్తికి ఉన్న సౌకర్యాన్ని బీడీ కార్మికులు తమలో తాము చందా వేసుకుని సంపాదించుకున్నారు.

తెలంగాణలో నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాలలో బీడీలు చుట్టేవారిలో అత్యధికులు స్త్రీలు. ఒడిలో చాట పెట్టుకుని ఎవరి ఇంట వారు తునికాకు కత్తిరించుకుంటారు. చుట్టేవారు ఒక్కచోట చేరని పనిలో చదివేవానికి చోటు లేదు. పని ఒకటే అయినా, పనిచేసే చోటు మారితే పఠన చరిత్ర మారిపోతుంది.

2011 లెక్కల ప్రకారం దేశంలో ఏడేండ్లు దాటినవారిలో నూటికి సుమారు 73 మంది అక్షరాస్యులు. రచ్చబండ మీద పత్రిక చదివే మనిషి చాలా ఊళ్లలో కనుమరుగయ్యాడు. జేబులోని ఫోను వ్రాతను మాటగా మార్చి వినిపిస్తున్నది. ఇక చదువరి బాకీ తీరిపోయినట్లేనని అనుకోవడానికి అవకాశం ఉన్నది. కాని అక్షరం తెలిసినా కన్ను లేనివారి సంగతి ఈ లెక్కలో చేరదు. అంధులకు అనువైన రూపాలలో గ్రంథాలను అందించడానికి 2012లో భారత కాపీరైటు చట్టం సవరణ పొందింది. అదే ఉద్దేశంతో 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని అందరికంటే ముందుగా, 2014లో, ఆమోదించిన దేశం భారతదేశమే. గ్రంథం వినే రూపంలోకి మారడానికి ఇక చట్టపరమైన అడ్డంకి లేదు. మార్చేవారి కొరత మాత్రం ఉన్నది.

పరీక్షల విషయంలో 2013లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు వెలువరించింది. చూపులేని అభ్యర్థికి ప్రశ్నపత్రం చదివిపెట్టే పాఠకుణ్ణి, జవాబు వ్రాసిపెట్టే లేఖకుణ్ణి అనుమతించాలని, వారిని తానే ఎంచుకోవడమా లేక పరీక్షాధికారులను కోరడమా అన్నది అభ్యర్థి ఇష్టమని, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు కాలం ఇవ్వాలని అందులో ఉన్నది. సర్కారు కాగితాలలో శ్రోత హక్కును ఇంత స్పష్టంగా వ్రాసినవి అరుదు.

అలాంటి పరీక్ష గదిలో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు ప్రశ్న చదువుతారు. జవాబు తనకు తెలిసినా స్వరంలో ఆ ఛాయ రానివ్వకూడదు, ఒక పదాన్ని నొక్కి పలుకకూడదు, కష్టమైన ప్రశ్నను దాటవేయకూడదు. రెండవవారు తల వంచి వింటారు. వాక్యం సగంలో చేయి ఎత్తి, "ఆగండి, మొదటి నుంచి మళ్లీ చదవండి" అంటారు. చదువరి మళ్లీ మొదటి నుంచి చదువుతాడు.